సెంట్రింగు ఎప్పుడు తీయాలి?



పరీక్షల కాలం దగ్గరపడిందంటే పదో తరగతి పిల్లలున్న ఇళ్ళల్లో తెల్లవారుజామున ఐదింటికే లైటు వెలుగుతుంది. బడిలో పొద్దున స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్, ఆదివారం కూడా వదలం. నేను ముప్ఫై ఏళ్ళకు పైగా జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. స్టడీ అవర్ డ్యూటీ పడిన రోజుల్లో వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. లోపల నలభై గొంతులు కలిసి తేనెపట్టులా రొద చేసేవి. ఆ రొద చెవిన పడుతుంటే నాకు ప్రాణం హాయిగా ఉండేది. పిల్లలు చదువుకుంటున్నారు, నా పని సాగుతోంది అనుకునేవాణ్ణి.

ఒక సాయంత్రం ఆ రొద మధ్యలోంచి ఒక అమ్మాయిని బయటికి పిలిచాను. బాగా చదివే పిల్ల. ఓమ్ నియమం చదువుతోంది. పుస్తకం మూయించి చెప్పమన్నాను. ఎక్కడా తడబడకుండా అప్పజెప్పింది. "సరేనమ్మా, ఒక తీగ కొనల మధ్య పొటెన్షియల్ భేదాన్ని రెట్టింపు చేశామనుకో. అందులో విద్యుత్ ప్రవాహం ఏమవుతుంది?" అన్నాను. కాసేపు నా మొహంలోకి చూసి, "మొదటి నుంచి చెప్పనా సార్?" అంది. మళ్ళీ నియమమంతా అప్పజెప్పింది. కోప్పడకుండా, "ఈ పాఠంలో నీకు ఏది వచ్చు, ఏది రాదు?" అనడిగాను. ఆ పిల్ల ఎంతో వినయంగా చెప్పిన జవాబు ఇన్నేళ్ళయినా నా చెవుల్లోనే ఉంది.

"మీరు అడిగితే తెలుస్తుంది సార్."

తనకేం వచ్చో ఏం రాదో తేల్చే పని కూడా మాస్టారిదేనని ఆ పిల్ల నమ్మింది. అలా నమ్మేలా పెంచింది మేమే. ఆరో తరగతి నుంచి ఏ పాఠం చదవాలో మేం చెప్పాం. ఏ ప్రశ్న ముఖ్యమో చెప్పి టిక్కు పెట్టించాం. జవాబు బోర్డు మీద రాసి ఎక్కించుకోమన్నాం. తప్పొప్పులు ఎర్ర సిరాతో మేమే దిద్దాం. వినడం, రాసుకోవడం, అప్పజెప్పడం తప్ప ఐదేళ్ళలో ఆమె చేతికి మేం ఏ పనీ ఇవ్వలేదు. ఇలాంటి పిల్లలే ఇంటర్‌లో ఇంతకు రెట్టింపు స్టడీ అవర్లు దాటుకుని, మంచి ర్యాంకులతో ఇంజనీరింగ్‌లో చేరాక ఫోన్ చేస్తారు. "సార్, ఇక్కడ చదవమని ఎవరూ అనరు. పుస్తకం ముందేసుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నా గుండె కలుక్కుమంటుంది. ఆ పిల్లలు సోమరులు కారు, మందబుద్ధులు అసలే కారు. తనంతట తాను చదువుకోవడమన్నది ఒక విద్య అనీ, దాన్ని కూడా నేర్పాలనీ మాకు తోచలేదు.

ఆ అమ్మాయి జవాబు విన్న ఏడాదే ఒక ప్రయత్నం చేశాను. శనివారం చివరి రెండు పీరియడ్లు పిల్లలకు ఇచ్చేశాను. "ఈ గంటన్నర మీది. ఏ సబ్జెక్టు, ఏ పాఠం, ఒక్కరే చదువుకుంటారా, ఇద్దరు కలిసి చదువుకుంటారా, అంతా మీ ఇష్టం" అన్నాను. పది నిమిషాలపాటు ఎవరూ పుస్తకం తెరవలేదు. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "ఏం చదవమంటారు సార్?" అన్నాడు. ఆ తర్వాత కొందరు సోమవారం చూపించాల్సిన హోంవర్కు పక్కవాడి దగ్గర చూసి ఎక్కించుకున్నారు. కొందరు కబుర్లలో పడ్డారు. బాగా చదివే నలుగురైదుగురు, ఎలాగూ ఇంటి దగ్గర చదివేదే ఇక్కడా చదివారు. మూడు శనివారాలు చూశాను. నాలుగో శనివారం మళ్ళీ చాక్‌పీసు పట్టుకుని బోర్డు దగ్గర నిలబడ్డాను. పిల్లలకు స్వేచ్ఛ ఇస్తే ఇంతే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ ఏడాది పిల్లలకు నేను చేసిన అన్యాయం అదే.

తప్పెక్కడ జరిగిందో నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. సెంట్రింగు పని చేసే మేస్త్రీ కొడుకు చెప్పాడు. మా బడి ఆవరణలో కొత్త గదులకు స్లాబు వేస్తున్న రోజులవి. స్లాబు పోసేశారు, కింద అడవిలా కర్రలు నిలబెట్టి ఉన్నాయి. క్లాసులో బలాల గురించి చెబుతూ వాణ్ణి లేపి, "స్లాబు పోసిన మర్నాడే కర్రలు లాగేస్తే ఏమవుతుందిరా?" అనడిగాను. "కూలిపోద్ది సార్." "పోనీ, ఎప్పటికీ తీయకుండా వదిలేస్తే?" వాడు నవ్వాడు. "ఇంట్లోకి ఎవరూ పోలేరు సార్. అంతా కర్రలే ఉంటాయి కదా."

ఆ రెండు జవాబుల్లో నా రెండు తప్పులూ ఉన్నాయి. స్టడీ అవర్ల పేరుతో ఐదేళ్ళపాటు కర్రలు తీయలేదు. శనివారం పేరుతో అన్ని కర్రలూ ఒక్కరోజే లాగేశాను. స్లాబు కింద కర్రలు వారానికి తీయాలా, రెండు వారాలు ఆగాలా అన్నది కింద జాగా ఎంత వెడల్పో చూసి చెబుతారు. ఏది ముందు తీయాలి, ఏది చివరికి ఉంచాలి అన్నదానికీ ఒక వరస ఉంటుంది. 1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు, మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలు చెక్క ముక్కలతో పిరమిడ్ పేర్చడాన్ని పరిశీలించి ఒక వ్యాసం రాశారు. పిల్లకు చేతకాని చోట మాత్రమే పెద్దవాళ్ళు చెయ్యి వేయాలి, చేతనవుతున్న కొద్దీ చెయ్యి వెనక్కి తీసుకోవాలి అన్నది అందులో సారం. ఆ సాయానికి వాళ్ళు పెట్టిన పేరు కూడా ఇళ్ళు కట్టేవాళ్ళ దగ్గర తీసుకున్నదే. గోడ కడుతున్నప్పుడు మేస్త్రీలు ఎక్కి నిలబడే పరంజా పేరు. మా మేస్త్రీ కొడుకు ఆ వ్యాసం చదవకుండానే దాని సగం చెప్పేశాడు.

తర్వాతి ఏడాది నుంచి ఒక్కొక్క కర్రే తీశాను. మొదట తీసింది, "ఏది రాదో మాస్టారు చెబుతారు" అనే కర్ర.

ప్రతి పిల్లా నోటుబుక్కును వెనక నుంచి తిప్పి, చివరి పేజీలకు "రాని పేజీ" అని పేరు పెట్టుకోవాలి. ఏ రోజు పాఠంలో ఏది అర్థం కాలేదో ఆ రోజు అక్కడ రాయాలి. మార్కులుండవు, ఎర్ర సిరా ఉండదు. వినడానికి ఎంతో తేలికగా ఉంది కదా! మొదటి రెండు వారాలు వచ్చిన రాతలు రెండే రకాలు. "అన్నీ అర్థమయ్యాయి సార్." లేదంటే, "ఏమీ అర్థం కాలేదు సార్." మన తెలుగు వాచకాల్లో పాఠం చివర "నేనివి చేయగలనా?" అని చిన్న పట్టిక ఉండేది, మీలో చాలామంది చూసే ఉంటారు. ఎదురుగా "అవును", "కాదు" అని రెండు గడులు. ఎంతో ఆలోచించి పెట్టిన పట్టిక అది. నేను చూసిన పుస్తకాల్లో మాత్రం పైనుంచి కిందిదాకా అన్నీ "అవును"లే, ఒకే ఊపులో పెట్టిన టిక్కులు. "కాదు" అంటే తిట్లు తప్పవని పిల్లకు తెలుసు. రాదు అని చెప్పినందుకు ఒక్కసారి నలుగురిలో చిన్నబుచ్చినా, ఆ పిల్ల మళ్ళీ జన్మలో రాదు అనదు. అందుకని ఆ రెండు వారాలు పాఠం కాస్త వెనకబడినా పరవాలేదనుకుని రాని పేజీ ఎలా రాయాలో నేర్పాను. ఎక్కడిదాకా వచ్చింది? ఏ వాక్యం దగ్గర ఆగిపోయింది? ఆ వాక్యంలో ఏ మాట దగ్గర? ముందు నా రాని పేజీనే బోర్డు మీద రాసి చూపించాను. కాలేజీలో చదువుకున్న రోజుల నుంచి నాకు ఇప్పటికీ సరిగా కొరుకుడు పడని సంగతులు రెండు మూడు రాశాను. మాస్టారికి కూడా రానివి ఉంటాయని తెలిశాక క్లాసులో గాలే మారింది.

మూడో వారమో నాలుగో వారమో, గోళాకార దర్పణాల పాఠం దగ్గర, ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి రాని పేజీలో ఇలా రాసింది: "పుటాకార దర్పణం లెక్కలో వస్తుదూరానికి మైనస్ వేస్తున్నాం. దూరం మైనస్ ఎలా అవుతుంది? మా ఊరికి మైనస్ ఐదు కిలోమీటర్లు అని ఎవరైనా అంటారా?"

అప్పటికి నేను ఇరవై ఏళ్ళుగా ఆ పాఠం చెబుతున్నాను. వేల మంది పిల్లలు ఆ మైనస్ వేసి, లెక్క చేసి, మార్కులు తెచ్చుకున్నారు. అడిగింది ఈ ఒక్క పిల్లే. జవాబు నేను చెప్పలేదు. ఆ ప్రశ్నను బోర్డు మీద రాసి, "పుస్తకంలో సంజ్ఞా సాంప్రదాయం ఉన్న పేజీ తీయండి. మొదటి రెండు వాక్యాలు మాత్రం చదవండి" అన్నాను. దూరాలన్నీ దర్పణ ధ్రువం నుంచి కొలవాలనీ, పతన కాంతి వెళ్ళే దిక్కుగా కొలిస్తే ధనాత్మకం, ఎదురుగా కొలిస్తే రుణాత్మకం అనీ అక్కడే ఉంది. ఇరవై నిమిషాలు గొడవ గొడవగా వాదించుకున్నాక పిల్లలే తేల్చారు. మైనస్ పొడవుకు కాదు, ఎటు కొలుస్తున్నామన్నదానికి గుర్తు. ఆ ప్రశ్న వేసిన అమ్మాయి, "అయితే మా ఊరి నుంచి బడికొచ్చేటప్పుడు ప్లస్, పోయేటప్పుడు మైనస్" అంది. ఆ తరగతిలో ఆ గుర్తుల్లో తప్పు చేసినవాళ్ళు చాలా తక్కువ.

రెండో కర్ర, పుస్తకం తెరిచి ఉంచుకోవడం. పదేపదే చదివితే వస్తుందని మనందరి నమ్మకం. 2006లో అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రోడిగర్, కార్పికి అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని పరీక్షకు పెట్టారు. విద్యార్థులకు రెండు చిన్న వ్యాసాలు ఇచ్చి చదవమన్నారు. తర్వాత ఒక వ్యాసాన్ని రెండోసారి చదవమన్నారు. రెండోదాన్ని చూడకుండా, గుర్తున్నదంతా కాగితం మీద రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే, మళ్ళీ చదివిందే ఎక్కువ గుర్తుంది. నూటికి 81 వంతులు. చూడకుండా రాసింది 75. మన స్టడీ అవర్ రొదకు బలం ఇక్కడే ఉంది, అప్పటికప్పుడు అప్పజెప్పమంటే బాగా అప్పజెబుతారు. కానీ వారం తర్వాత అడిగితే లెక్క తిరగబడింది. మళ్ళీ చదివింది 42, చూడకుండా రాసింది 56. అదే పరిశోధనలో ఇంకో సంగతి నన్ను మరీ కలవరపెట్టింది. మళ్ళీ మళ్ళీ చదివిన విద్యార్థులే తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పారట. చదివినకొద్దీ అక్షరాలు కంటికి అలవాటవుతాయి. ఆ అలవాటునే వచ్చేసిందనుకుంటాం. పుస్తకం మూసినప్పుడు గానీ మన సంగతి మనకు తెలియదు.

అందుకే స్టడీ అవర్‌లో రొద మాన్పించాను. ఇరవై నిమిషాలు చదవడం, పుస్తకం మూయడం, గుర్తున్నది తెల్లకాగితం మీద రాయడం, పుస్తకం తెరిచి ఎవరి కాగితం వాళ్ళే దిద్దుకోవడం. వదిలేసింది రాని పేజీలోకి ఎక్కించడం. పిల్లలకు మొదట ఇది అస్సలు నచ్చలేదు. ఖాళీ కాగితం ముందు కూర్చుంటే భయం వేస్తుంది. అవతలి గది నుంచి హోరు వినిపిస్తుంటే మా గది నిశ్శబ్దం చూసి, "ఏమిటి, మీ పిల్లలు చదవడం లేదా?" అని తోటి ఉపాధ్యాయులు కూడా అడిగారు.

ఆ తర్వాత గానీ శనివారం జోలికి వెళ్ళలేదు. రాని పేజీ నిండుగా ఉంది కాబట్టి ఈసారి "ఏం చదవమంటారు సార్?" అని ఎవరూ అడగలేదు. ఎవరి పేజీ వాళ్ళ చేతుల్లోనే ఉంది. తొలి నెల ఆ పేజీలోంచి ఒక్క సంగతే ఎంచుకోమన్నాను. రెండో నెల నుంచి గంటన్నరలో ఎంత చేస్తారో ముందే రాసుకుని, చివర ఎంత అయిందో పక్కన రాయమన్నాను. మొదట్లో అందరూ ఆకాశమంత రాసుకుని గుప్పెడు చేసేవాళ్ళు. రానురాను తమ వేగం తమకు తెలిసొచ్చింది.

ఇక్కడ గైడ్ల గురించి ఒక మాట చెప్పాలి. శ్రీనివాస రామానుజన్ కథ మనందరికీ తెలుసు. కుంభకోణంలో 1903 ప్రాంతంలో, పదహారేళ్ళ వయసులో, జి.ఎస్. కార్ అనే ఆయన రాసిన ఒక గణిత పుస్తకం ఆయన చేతికి వచ్చింది. అదేమీ గొప్ప గ్రంథం కాదు. పరీక్షలకు పిల్లల్ని తయారుచేసే ఒక ట్యూషన్ మాస్టారు కూర్చిన సంకలనం. సుమారు ఐదు వేల ఫలితాలు వరసగా ఉంటాయి, చాలావాటికి నిరూపణ ఉండదు, ఉన్నా ఒకటి రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. ఆ ఖాళీలను నింపుకుంటూ పోయాడు రామానుజన్. ఖాళీ ఉంది కాబట్టే చెయ్యి పెట్టడానికి చోటు దొరికింది. మన గైడ్లలో ఖాళీ అన్నది ఉండదు. ప్రశ్న పక్కనే జవాబు, జవాబులో ఎక్కడ గీత గీయాలో కూడా అచ్చువేసి ఉంటుంది. ఇప్పుడు ఫోన్‌లో లెక్క ఫొటో తీస్తే క్షణంలో జవాబు వచ్చేస్తుంది. ఫోన్ చూడొద్దని నేననను. చూసిన తర్వాత పక్కన పెట్టి, అదే లెక్క ఖాళీ కాగితం మీద మళ్ళీ చేయగలిగితే అది గురువే. రామానుజన్ కథకు రెండో సగం కూడా ఉంది. దారి చూపేవాళ్ళు లేక, లోకానికి అప్పటికే తెలిసిన ఫలితాలను మళ్ళీ కనిపెట్టడంలో ఆయన ఎన్నో ఏళ్ళు ఖర్చుపెట్టాడు. మిగతా సబ్జెక్టులు పట్టించుకోక కాలేజీ స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నాడు. అంతటి మేధావికే పక్కన ఒక మనిషి కావలసి వచ్చింది.

ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పిల్లలు స్వయంగా నేర్చుకోవాలనే మాటను అడ్డం పెట్టుకుని ఉపాధ్యాయుడు తప్పుకోవడం కూడా నేను చూశాను. అది ఘోరం. 2020లో కరోనాతో బడులు మూతపడినప్పుడు టీవీలో పాఠాలు వచ్చాయి, ఫోన్లలో వచ్చాయి. ఇంట్లో ఒక్కటే ఫోన్, అదీ నాన్నతో పాటు పనికి పోయేది. అలాంటి ఇళ్ళల్లో పిల్లల్ని తమంతట తాము చదువుకోమంటే ఎలా చదువుతారు? అయినా ఒక రోజు నేను రేషన్ షాపు దగ్గర నిలబడి ఉంటే తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి పరుగున వచ్చి, మాస్కు సర్దుకుంటూ నోటుబుక్కు చేతికిచ్చింది. వెనక నుంచి ఆరు పేజీలు నిండా రాని పేజీ. రెండు నెలల సందేహాలు. అరుగు మీద దూరం దూరంగా కూర్చుని గంటసేపు మాట్లాడుకున్నాం. ఆ పిల్ల తనంతట తాను చదువుకుంది, నిజమే. కానీ అడగడానికి ఒక మనిషి ఉన్నాడన్న నమ్మకంతోనే ఆ ఆరు పేజీలూ రాసింది. ఇంట్లో మొట్టమొదటిసారి పుస్తకం పట్టిన పిల్లలకు కర్రలు ఇంకొన్నాళ్ళు ఎక్కువే ఉంచాలి. తొందరపడకూడదు.

తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు, మాకు చదువు రాదు, మేమేం చేయగలం సార్ అని. మీరు చేయగలిగింది చాలా ఉందమ్మా. కూరలు తరుగుతూ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకోండి. పుస్తకం మూసి, ఇవాళ్టి పాఠం మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. అర్థం కాకపోతే అర్థం కాలేదనండి. చదువుకున్న నాన్న మధ్యలో అందుకుని తానే చెప్పేస్తాడు. మీరు అలా చెప్పేయలేరు కాబట్టి పిల్ల ఇంకో దారి వెతుక్కుని, ఇంకో పోలిక తెచ్చి చెబుతుంది. చెప్పలేక ఆగిపోయిన చోటే రాని పేజీలోకి ఎక్కుతుంది.

చివరిగా బీరువా సంగతి. మా బడిలో గ్రంథాలయమంటే హెడ్మాస్టరు గదిలో తాళం వేసిన రెండు ఇనుప బీరువాలు. పుస్తకం పోతే జీతంలో కోస్తారన్న భయంతో తాళం తీసేవాళ్ళు కాదు. ఇది ఎలాంటి నేలండీ? 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన నేల. అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటివాళ్ళు ఊరూరా తిరిగి గ్రంథాలయాలు పెట్టించిన నేల. 1930లలో కృష్ణా డెల్టా కాలువల మీద పడవల్లో పుస్తకాలు వేసుకుని పల్లెలకు తీసుకెళ్ళారు. నీళ్ళలో తడుస్తాయేమో, పోతాయేమో అని వాళ్ళు అనుకుని ఉంటే ఆ పడవ రేవు దాటేదా? ఎంతో బతిమాలగా ఒక బీరువా మా తరగతికి వచ్చింది. తాళంచెవి నా దగ్గర పెట్టుకోలేదు, నెలకిద్దరు పిల్లల చొప్పున అప్పగించాను. ఏడాది తిరిగేసరికి మూడు పుస్తకాలు పోయాయి. వాటి డబ్బు నేను కట్టాను, ఏమాత్రం బాధ లేకుండా కట్టాను. మిగిలినవాటికి అట్టలు ఊడి, పేజీలు నలిగి, మూలలు మడతలు పడి ఉన్నాయి.

ఆ ఏడాది ఏప్రిల్లో, బడి రేపో మాపో మూస్తారనగా, మేస్త్రీ కొడుకు తన రాని పేజీ తెచ్చి చూపించాడు. చివరి ప్రశ్న ఇది: "సిమెంటు గట్టిపడాలంటే నీళ్ళు పోస్తూ ఉండాలంటాడు మా నాన్న. బట్టలు ఆరాలంటే నీళ్ళు పోవాలి కదా. మరి సిమెంటుకు నీళ్ళెందుకు?" సిమెంటు నీటితో రసాయన చర్య జరిపి గట్టిపడుతుందని, అది ఆరడం కాదని నాకు తెలుసు. చెబుదామని నోరు తెరిచాను. వాడు, "చెప్పకండి సార్, ముందు నేను చూస్తా" అని తాళంచెవి ఉన్న అమ్మాయిని వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.